కదలని బండి ప్రయాణము

కొట్టులోని త్రాసు సరియైనదో కాదో తెలిసికొనుటకు తూనికల అధికారి ఏమి చేయును? బియ్యము పోసి తూచి చూడడు. తన వెంట తెచ్చిన, ముద్ర వేసిన కిలో రాయిని పళ్ళెములో ఉంచును. ఆ రాయి బరువెంతయో ఆయనకు ముందే తెలియును. త్రాసు వేరొక లెక్క చూపినచో తప్పు రాయిది కాదు, త్రాసుది. ఏ కొలత సాధనమునకైనను అసలు పరీక్ష ఇదే. తెలిసిన దానిని కొలిపించి, అది చెప్పిన లెక్కను మన లెక్కతో సరిచూడవలెను.

ఈ కాలమున మన చేతిలోని మొబైల్ ఫోను ఒక క్రొత్త త్రాసుగా మారినది. అది తూచునది బియ్యమును కాదు, పప్పును కాదు. మనిషి బండి నడుపు తీరును. డ్రైవరు ఎంత వేగముగా పోయినాడు, ఎన్నిమార్లు బ్రేకు గట్టిగా వేసినాడు, మలుపులలో ఎట్లు త్రిప్పినాడు, నడుపుచు ఫోను ముట్టుకొనెనా, రాత్రివేళ నడిపెనా అను సంగతులన్నియు లెక్కకట్టి, ప్రయాణము ముగియగానే నూటికి ఇన్ని మార్కులని చెప్పు యాప్‌లు వచ్చినవి. రవాణా వ్యాపారులు తమ డ్రైవర్ల పనితీరు తెలిసికొనుటకు వీనిని వాడుచున్నారు. బీమా వ్యాపారమునకును వీనితో పని కలిగినది. బండి తిరిగిన దూరమునుబట్టియు, నడిపిన తీరునుబట్టియు ప్రీమియము నిర్ణయించు పద్ధతులను మోటారు బీమాకు అనుబంధముగా అమ్ముటకు 2022 జులైలో మన దేశపు బీమా నియంత్రణ సంస్థ అనుమతించినది.

కావున ఈ మార్కులు వినోదమునకు ఇచ్చునవి కావు. ఒక డ్రైవరు ఉద్యోగము, ఒక కుటుంబము కట్టు బీమా సొమ్ము వీని మీద ఆధారపడవచ్చును. త్రాసు తప్పు చూపినచో కొనువాడు కొట్టువానితో వాదించును, వేరొక కొట్టులో తూయించి చూచును. ఫోను చెప్పిన తీర్పును తిరిగి తూయించుట సామాన్యునకు సాధ్యము కాదు. అందుచేత, ఆ యాప్ జనుల చేతికి రాకముందే దానిని పరీక్షించుట తయారుచేసినవారి ధర్మము. మరి ఆ పరీక్షకు కిలో రాయి ఏది?

నిజమైన బండిని నిజమైన దారిమీద నడిపి చూచిన చాలదా అని ఎవరికైనను తోచును. అదియును అవసరమే, కాని అది ఒక్కటే చాలదు. యాప్ గట్టి బ్రేకును గుర్తించునో లేదో తెలియవలెనన్న యానాం వంతెన మీద వెనుక లారీ వచ్చుచుండగా గట్టిగా బ్రేకు వేయుమని ఎవరిని కోరగలము? అతివేగమును పట్టునో లేదో చూచుటకు ఊరి నడుమ అతివేగముగా పొమ్మనగలమా? పైగా నేడు నడిపిన ప్రయాణము రేపు మరల అట్లే జరుగదు. దారిలో అడ్డువచ్చు మేకయు, రేవులో జాప్యమును, వానయు దినదినమునకు మారుచుండును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. నిజమైన ప్రయాణములో అసలు ఏమి జరిగినదో సెకను సెకనుకు మనకే సరిగా తెలియదు. బరువు తెలియని రాయితో త్రాసును పరీక్షించినట్లగును.

అందుచేత యాప్‌లు తయారుచేయువారు ఉత్తుత్తి ప్రయాణములను కల్పించుదురు. బండి ఉండదు, దారి ఉండదు, పెట్రోలు ఖర్చు ఉండదు. ఫోను బల్లమీదనే ఉండును. ఒక్కొక్కప్పుడు ఫోను కూడ ఉండదు, కంప్యూటరులో నడచు నకలు ఫోను ఉండును. ఆ నకలు ఫోనునే ఎమ్యులేటరు అందురు. నీవిప్పుడు ఇక్కడ ఉన్నావు, ఒక సెకను తరువాత అక్కడ ఉన్నావు అని దానికి వరుసగా అందించుచు పోయిన యెడల, యాప్ తాను ప్రయాణము చేయుచున్నాననియే నమ్మును.

ఈ కల్పన ఎట్లు జరుగునో మనకు తెలిసిన దారిమీదనే చూతము. కాకినాడనుండి తాళ్ళరేవు మీదుగా యానాం చేరి, గౌతమీ గోదావరి మీది బాలయోగి వారధి దాటి, ఎదుర్లంక, ముమ్మిడివరముల మీదుగా అమలాపురము పోవు 216వ నంబరు జాతీయ రహదారిని తీసికొందము. కంప్యూటరునకు ఇది దారి కాదు, చుక్కల వరుస. ప్రతి చుక్కకును అక్షాంశము, రేఖాంశము, కాలము అను మూడు సంఖ్యలు ఉండును. యానాం సుమారుగా 16.73 ఉత్తర అక్షాంశము, 82.21 తూర్పు రేఖాంశముల వద్ద ఉన్నది. అక్షాంశములో ఒక డిగ్రీ అనగా నేలమీద దాదాపు 111 కిలోమీటర్లు. కావున దశాంశ స్థానములు రెండే ఉంచినచో కిలోమీటరుకు పైగా తేడా రావచ్చును. అయిదు స్థానములు ఉంచినగాని మీటరు లెక్క తేలదు. ఇట్టి చుక్కల వరుసలను జి.పి.ఎక్స్. అనియు, కె.ఎం.ఎల్. అనియు పిలుచు ఫైళ్ళలో వ్రాయుదురు. ఆండ్రాయిడ్ నకలు ఫోను ఈ రెండు రకములను చదివి ప్రయాణమును నడిపించగలదు. యాపిల్‌వారి నకలు ఫోనులో నగరములో పరుగు, సైకిలు సవారీ, పెద్ద రహదారిమీద కారు ప్రయాణము ముందే సిద్ధముగా ఉండును. అయితే ఆ రహదారి కాలిఫోర్నియాలోనిది. కాలువగట్టు మలుపులును, సంతనాటి జనమును, గతుకులును అందుండవు. కాలిఫోర్నియా దారిమీద నూటికి నూరు మార్కులు తెచ్చుకొన్న యాప్ కోనసీమలో ఏమగునో దానిచే తెలియదు.

చుక్కలు వ్రాయుట సులభముగా తోచును గాని, తప్పులకు ఇచ్చటనే మొదటి తావు. జి.పి.ఎక్స్. ఫైలులో అక్షాంశము ఇది, రేఖాంశము ఇది అని పేరు పెట్టి వ్రాయుదురు. కె.ఎం.ఎల్. ఫైలులో పేర్లు లేకుండ రేఖాంశమును ముందు, అక్షాంశమును తరువాత వ్రాయుదురు. ఈ క్రమము మరచి తారుమారు చేసినచో మన యానాం బండి 82వ అక్షాంశముపై, స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరముగా ఆర్కిటిక్ మహాసముద్రములో తేలును. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటబడును గనుక భయము లేదు. కంటబడని తప్పే ప్రమాదకరము. ఆ ఫైళ్ళలో కాలమును ప్రపంచ ప్రమాణ కాలములో వ్రాయుట ఆచారము. మన దేశ కాలము దానికంటె అయిదున్నర గంటలు ముందు. ఉదయము 8 గంటలకు పిల్లలను బడికి దింపబోవు ఆటో ప్రయాణము ఫైలులో 2 గంటల 30 నిమిషములకు జరిగినట్లుండును. యాప్ ఆ కాలమును మార్చుకొనుట మరచెనా, పట్టపగలు నడుపువానిని అర్ధరాత్రి తిరుగువానిగా లెక్కవేసి మార్కులు తగ్గించును. ఉదయము 8 గంటలకు బయలుదేరు ఒక్క ఉత్తుత్తి ప్రయాణముతో ఈ తప్పు బయటపడును.

ఇక బ్రేకు సంగతి. ఎంత గట్టిగా వేసిన దానిని గట్టి బ్రేకు అనవలెను? గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 16.7 మీటర్లు. ఆ వేగమున పోవు బండి 10 సెకనులలో ఆగినచో సెకను సెకనుకు 1.7 మీటర్ల చొప్పున వేగము తగ్గినట్లు. ఆగులోపల బండి 83 మీటర్లు సాగును. ఇది నెమ్మదియైన బ్రేకు. అదే బండి 5 సెకనులలో ఆగినచో సెకను సెకనుకు 3.3 మీటర్ల చొప్పున తగ్గి, 42 మీటర్లలో నిలుచును. ఇది భూమ్యాకర్షణలో మూడవ వంతు. నిలుచున్న ప్రయాణికుడు ముందుకు తూలిపడును. యాప్ తయారుచేసినవారు ఈ రెండింటి నడుమ ఎక్కడనో గీత గీయుదురు. పరీక్షించువాడు ఆ గీతకు కొంచెము ఇవతల ఒక ప్రయాణమును, కొంచెము అవతల ఒక ప్రయాణమును, సరిగా గీతమీద ఒక ప్రయాణమును కల్పించును. ఇవతలి దానికి తప్పు పట్టరాదు, అవతలి దానిని విడువరాదు. ప్రయాణము నడుపుటకు ముందే కాగితముమీద వ్రాసి ఉంచుకొనును: దూరము ఇంత, గట్టి బ్రేకు ఒకటి, అతివేగము లేదు. యాప్ లెక్క ఈ కాగితముతో సరిపోవలెను. ఈ కాగితమే మనము వెదకిన కిలో రాయి.

కాని ఫోనునకు ఉపగ్రహముల మాట ఒక్కటే ఆధారము కాదు. దానిలో త్వరణమును కొలుచు సాధనము ఒకటి, త్రిప్పుటను కొలుచు సాధనము ఒకటి ఉన్నవి. కేవలము చుక్కలను మాత్రము అందించి ఊరుకొన్నచో, బండి 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదని ఉపగ్రహము చెప్పుచుండగా, కదలిక సాధనము మాత్రము తాను బల్లమీద నిశ్చలముగా ఉన్నానని చెప్పుచుండును. చెవి ఒకటి వినగా కన్ను వేరొకటి చూచినట్లుండును. కొన్ని యాప్‌లు ఇట్టి ప్రయాణమును అసలు మొదలుపెట్టవు. కావున మంచి ఉత్తుత్తి ప్రయాణములో బ్రేకు పడిన సెకనుననే కదలిక సాధనమునకును ఆ కుదుపు అందవలెను. మలుపు వచ్చినచోట ప్రక్కకు లాగు బలము అందవలెను. 40 మీటర్ల వ్యాసార్ధముగల కాలువగట్టు మలుపులో 40 కిలోమీటర్ల వేగమున త్రిప్పినచో ఆ ప్రక్క లాగుడు సెకను సెకనుకు 3 మీటర్లకు పైబడును. అంకెలు ఒకదానితో నొకటి పొసగవలెను. పొసగని అబద్ధముతో నిజమును పరీక్షింపలేము.

అట్లని అతి చక్కని ప్రయాణమును కల్పించుటయు తప్పే. నిజమైన ఉపగ్రహ లెక్కలో వణుకు ఉండును. ఆరుబయట ఫోను చూపు స్థానము సుమారు అయిదు మీటర్ల వరకు తప్పవచ్చును. మేడల నడుమ ఇంకను ఎక్కువ. బస్సు స్టాండులో ఆగియున్న బండి ఒక సెకనున అయిదు మీటర్లు తూర్పుగాను, మరుసటి సెకనున అయిదు మీటర్లు పడమరగాను కనబడినదనుకొనుడు. చుక్కల మధ్య దూరమునుబట్టి వేగమును కట్టు యాప్‌నకు అది గంటకు 36 కిలోమీటర్ల వేగము! అంత అక్కరలేదు, సెకనుకు రెండు మీటర్ల చొప్పున వణికినను, అరగంట ఆగిన బండి 3.6 కిలోమీటర్లు తిరిగినట్లు లెక్కపడును. దూరమునుబట్టి బీమా కట్టువాడు ఆగియున్నందుకు సొమ్ము చెల్లించవలసివచ్చును. అందుచేత మంచి యాప్‌లు ఉపగ్రహ సంకేతపు పౌనఃపున్యములో వచ్చు మార్పునుండి వేగమును తెలిసికొందురు. అది చుక్కల లెక్కకంటె నమ్మదగినది. ఏ పద్ధతి పట్టినను, ఆగియున్న బండిని ఆగినట్లే చూపునో లేదో పరీక్షించి తీరవలెను.

ఇప్పుడు మన ప్రాంతపు చిక్కులకు వత్తము. గోదావరి డెల్టా ఈ యాప్‌లకు ఒక పెద్ద పరీక్షాధికారి వంటిది.

మొదటిది పంటు. కోటిపల్లి, ముక్తేశ్వరము రేవుల నడుమను, నరసాపురము, సఖినేటిపల్లి రేవుల నడుమను బండ్లను పంటుమీద గోదావరి దాటించుట మనకు తెలిసినదే. బాలయోగి వారధి కట్టకముందు యానాం, ఎదుర్లంకల మధ్యను అట్లే జరిగెడిది. పంటుమీద బండి చక్రము తిరుగదు, అయినను బండి కదలును. పటములో అచ్చట దారి లేదు, నీరే ఉన్నది. దీనిని యాప్ ప్రయాణమనవలెనా, విరామమనవలెనా? డ్రైవరు పంటుమీద తీరికగా ఫోను చూచుకొన్నచో అది నడుపుచు ఫోను చూచిన నేరమగునా? నది దాటు ఉత్తుత్తి ప్రయాణము ఒకటి లేకున్న ఈ ప్రశ్న పట్టణములోని ఇంజనీరునకు తోచనే తోచదు.

రెండవది ఎల్ల. యానాం 1954 నవంబరు 1వ తేదీన ఫ్రెంచి పాలననుండి భారత పాలనకు వచ్చి, నేటికిని పుదుచ్చేరిలో భాగమై యున్నది. బండ్ల నంబరు పి.వై. 04. కాకినాడనుండి అమలాపురము పోవు బండి ఆంధ్రప్రదేశ్ నుండి పుదుచ్చేరిలోనికి, కొద్దిసేపటికే మరల ఆంధ్రప్రదేశ్ లోనికి పోవును. రాష్ట్రము మారగానే ప్రయాణము ముగిసినదని భావించు యాప్ ఒక ప్రయాణమును మూడు ముక్కలు చేయును. దానివలన నష్టమేమి? 60 కిలోమీటర్లకు ఒక గట్టి బ్రేకు అనగా నూరు కిలోమీటర్లకు రెండైనను కాదు. అదే బ్రేకు 5 కిలోమీటర్ల ముక్కలో పడినచో నూరింటికి ఇరువది! మనిషి అతడే, బ్రేకు అదే, మార్కులు మాత్రము నేలబడినవి.

మూడవది బస్సు ప్రయాణికుడు. యానాం నుండి కాకినాడకు బస్సులో పోవువాని జేబులో ఈ యాప్ ఉన్నది. బస్సు డ్రైవరు వేసిన బ్రేకు వీని లెక్కలో పడరాదు. మోటారు సైకిలు వెనుక కూర్చున్నవాని సంగతియు అంతే. నాలుగవది గతుకు. స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు కుదుపు నిలువుగా వచ్చును. బ్రేకు వేసినప్పుడు అడ్డముగా వచ్చును. ఫోను జేబులో ఏ భంగిమలో ఉన్నను భూమ్యాకర్షణనుబట్టి క్రిందు ఏదో తెలిసికొని ఈ రెండింటిని వేరుచేయవలెను. అయిదవది జారిపడిన ఫోను. మీటరు ఎత్తునుండి పడుటకు దానికి అరసెకను కూడ పట్టదు, కాని నేలను తాకిన దెబ్బ పెద్ద ప్రమాదము వలె నమోదగును. ఉపగ్రహ వేగము తగ్గలేదు గనుక ప్రమాదము కాదని యాప్ గ్రహించునో లేదో చూడవలెను. లేనిచో, ఫోను క్రింద పడినప్పుడెల్ల ఇంటివారికి ప్రమాద వార్త అందును.

మన దారులు వేరను సంగతిని మన పరిశోధకులు ముందే గ్రహించినారు. 2008లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలవారు నెరిసెల్ అను పద్ధతిని ప్రకటించినారు. ఫోనులోని సాధనములతోనే గతుకులను, బ్రేకులను, హారను మ్రోతలను గుర్తించుట అందలి విశేషము; ఫోను ఏ భంగిమలో ఉన్నను దిక్కు సరిచేసికొను ఉపాయమును వారు చెప్పినారు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ సంస్థలవారు కలిసి హైదరాబాదు, బెంగళూరు ప్రాంతముల దారులలో 182 ప్రయాణములనుండి 10,000 చిత్రములను ఎన్నిక చేసి, వానిలోని వస్తువులను 34 తరగతులుగా గుర్తించి 2018లో విడుదల చేసినారు. ఐరోపా వీధుల చిత్రములతో చదువు నేర్చిన యంత్రము మన ఆటోలను, దారి ప్రక్క మట్టి అంచును సరిగా పోల్చలేకుండుటయే ఆ శ్రమకు కారణము. 2022 జులైలో ఐ.ఐ.టి. హైదరాబాదు ప్రాంగణమున డ్రైవరు లేని బండ్లను పరీక్షించుటకు తిహాన్ అను క్షేత్రము ప్రారంభమైనది. ఈ ప్రయత్నములన్నిటి సారము ఒక్కటే: పరీక్షించు దారి మన దారి కావలెను.

ఉత్తుత్తి ప్రయాణమునకు మరియొక సుగుణము కలదు. నిజమైన మనుష్యుల ప్రయాణములను సేకరించినచో వారి ఇల్లెక్కడ, ఏ వైద్యుని యొద్దకు పోవుదురు, ఏ వేళకు ఇంట ఉండరు అను రహస్యములు చుక్కలలో బయటపడును. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో మన దేశమున చట్టము వచ్చినది. కల్పిత ప్రయాణమునకు ఇల్లు లేదు, రహస్యము లేదు. అయితే ఇదే ద్వారమున మోసగాడును ప్రవేశింపవచ్చును. ఇంట కూర్చుండి చక్కని ప్రయాణమును కల్పించి మార్కులు తెచ్చుకొనవచ్చును. స్థానము కల్పితమైనచో ఆండ్రాయిడ్ ఆ సంగతిని యాప్‌నకు తెలుపును. పరీక్షాశాలలో దానిని అనుమతించి, బయట నిరాకరించుట మంచి యాప్ లక్షణము.

ఎంత శ్రద్ధతో కల్పించినను ఈ పరీక్షకు ఒక హద్దు ఉన్నది. మనకు తోచిన చిక్కులే మనము కల్పింపగలము. కావున యాప్‌ను మార్చినప్పుడెల్ల పాత ఉత్తుత్తి ప్రయాణములన్నింటిని రాత్రికి రాత్రి కంప్యూటరుచే మరల నడిపించి, ఆపైన కొన్ని నిజమైన ప్రయాణములను డ్రైవర్ల సమ్మతితో చేయించి, క్రొత్తగా కనబడిన చిక్కును మరల ఒక ఉత్తుత్తి ప్రయాణముగా వ్రాసి దాచుకొనవలెను. మరియొక హద్దు ఇంతకంటె గొప్పది. దారికి అడ్డముగా పరుగెత్తిన పిల్లవానిని కాపాడుటకు వేసిన బ్రేకును, పరధ్యానమున పోయి వేసిన బ్రేకును అంకెలలో ఒక్క తీరుగనే కనబడును. ఎట్లు వేసినాడో ఫోను చెప్పగలదు. ఎందుకు వేసినాడో చెప్పలేదు. ఆ మాట డ్రైవరే చెప్పవలెను, యజమాని వినవలెను.

కావున ఇట్టి యాప్‌ను మీ ఇంటివారెవరైనను వాడవలసివచ్చినచో మూడు సంగతులు అడుగుడు. మార్కులతోపాటు ఏ చోట, ఏ వేళ, ఏ తప్పు పట్టినదో చూపుచున్నదా? నేను నడుపలేదు, ప్రయాణికుడనని చెప్పుకొనుటకు వీలున్నదా? తీర్పు తప్పని తోచినప్పుడు చూచు మనిషి ఒకడున్నాడా? ఈ మూడింటికి సరియైన సమాధానము ఇచ్చువారు తమ త్రాసును రాయివేసి చూచుకొన్నవారై యుందురు. బియ్యము తూచు త్రాసుకు ముద్ర కావలెనని పట్టుబట్టు మనము, మనిషిని తూచు త్రాసును ముద్ర అడుగకుండ విడువరాదు.